నికాన్ చిన్న కెమెరాకు లెన్స్ కొంటున్నారా? ఆటోఫోకస్ పనిచేస్తుందో లేదో ముందే తేల్చుకోవడం ఎలా?

యాభై ఎంఎం లెన్స్ సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని కొంటారు. నికాన్ డి3500 బాడీకి (లెన్స్ కాక మిగిలిన కెమెరాకు) తిప్పి పెడితే టక్కున లాక్ అవుతుంది. షటర్ పడుతుంది, ఫొటో వస్తుంది, వెలుతురు లెక్క కూడా సరిగ్గానే ఉంటుంది. బటన్ సగం నొక్కితే మాత్రం లెన్స్ ఉలకదు, పలకదు. "అన్నా, ఫోకస్ అయితలేదు, లెన్స్ కరాబున్నట్టుంది" అని హనుమకొండలో అమ్మినాయన దగ్గరికి పట్టుకుపోతే, ఆయన దాన్ని తన డి7200కు పెట్టి చూపిస్తాడు. అక్కడ చక్కగా ఫోకస్ అవుతుంది. లెన్స్‌లో లోపం లేదు, కెమెరాలోనూ లేదు. ఆ రెండింటికీ జత కుదరదు, అంతే.

లెన్స్ మౌంట్‌కు (బాడీ మీద లెన్స్ బిగించే రింగుకు) ఎక్కడం వేరు, ఆటోఫోకస్ పనిచేయడం వేరు. కొనే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఫోకస్‌ను తిప్పే మోటార్ ఎక్కడుంది? బాడీలోనా, లెన్స్‌లోనా? రెండింట్లో ఎక్కడా లేకపోతే చేత్తో తిప్పుకోవాల్సిందే.

నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది. 1986లో ఎఫ్-501 కెమెరాతో ఆటోఫోకస్ లెన్సులు వచ్చినప్పుడు మోటార్‌ను బాడీలో పెట్టారు. మౌంట్ అంచు నుంచి స్క్రూడ్రైవర్ మొన లాంటి చిన్న ముక్క బయటకు వచ్చి లెన్స్ వెనక ఉన్న గాడిలో కూర్చుంటుంది. బాడీ మోటార్ తిరిగితే ఆ మొన తిరుగుతుంది, దాంతో లెన్స్ లోపలి గాజులు ముందుకూ వెనక్కూ కదులుతాయి. తర్వాత 1992లో ఏఎఫ్-ఐ, 1996లో ఏఎఫ్-ఎస్ లెన్సులతో మోటార్ లెన్స్‌లోకే వచ్చింది. 2006లో డి40 తెచ్చినప్పుడు నికాన్ బాడీలోని మోటార్‌ను తీసేసింది. కెమెరా చిన్నదైంది, బరువు సుమారు 475 గ్రాములకు దిగింది, ధర తగ్గింది. పాత లెన్సులకు ఆటోఫోకస్ మాత్రం పోయింది. ఆ తర్వాత వచ్చిన చిన్న కెమెరాలన్నీ అదే దారిలో నడిచాయి.

1. ముందు మీ బాడీ ఏ వర్గమో చూడండి

మోటార్ లేని బాడీలు ఇవి: డి40, డి40ఎక్స్, డి60, డి3000, డి3100, డి3200, డి3300, డి3400, డి3500, డి5000, డి5100, డి5200, డి5300, డి5500, డి5600. గుర్తుపెట్టుకోవడం తేలికే. డి తర్వాత 3 గానీ 5 గానీ ఉండి మొత్తం నాలుగు అంకెలుంటే మోటార్ లేదు. డి500 మూడంకెలది, దానిలో మోటార్ ఉంది.

మోటార్ ఉన్నవి: డి50, డి70, డి80, డి90, డి7000, డి7100, డి7200, డి7500, డి200, డి300, ఇంకా డి600 నుంచి డి850 దాకా ఉన్న ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) బాడీలు. వీటిలో డి50 కూడా చిన్న కెమెరానే, కానీ అది 2005 నాటిది, మోటార్ తీసేయకముందుది.

పేరు మీద నమ్మకం కుదరకపోతే లెన్స్ తీసి మౌంట్ లోహపు రింగును వెలుతురులో పెట్టి చూడండి. మోటార్ ఉన్న బాడీలో కింది వైపున చదునైన మొన ఉన్న చిన్న స్క్రూడ్రైవర్ ముక్క కనిపిస్తుంది. లెన్స్ విప్పే బటన్ నొక్కితే అది లోపలికి పోతుంది. డి3500లో ఆ చోటు ఖాళీ.

2. లెన్స్ మీద అక్షరాలు చదవండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

పేరు మొదట్లో ఉండే అక్షరాలు మోటార్ సంగతి చెబుతాయి. ఉత్త "ఏఎఫ్" అని ఉంటే లెన్స్‌లో మోటార్ లేదు. "ఏఎఫ్-ఐ", "ఏఎఫ్-ఎస్", "ఏఎఫ్-పి" అని ఉంటే ఉంది. చివర్లో ఉండే అక్షరాలు వేరే సంగతి చెబుతాయి. డి అంటే లెన్స్ తన ఫోకస్ దూరాన్ని కెమెరాకు తెలియజేస్తుంది. జి అంటే లెన్స్ మీద అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) మార్చే రింగు లేదు. ఈ రెంటికీ మోటార్‌తో సంబంధమే లేదు.

"జి లెన్స్ అయితే కొత్తది, మోటార్ ఉంటుంది" అని దుకాణాల్లో గట్టిగా చెబుతారు. అది తప్పు. ఏఎఫ్ 70-300 ఎంఎం ఎఫ్ 4-5.6 జి అనే చవక జూమ్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో విరివిగా తిరుగుతుంది. అది జి లెన్సే, మోటార్ మాత్రం లేదు. దాదాపు అదే పేరుతో ఉన్న ఏఎఫ్-ఎస్ 70-300 ఎంఎం ఎఫ్ 4.5-5.6 జి విఆర్‌లో ఉంది. ఏఎఫ్ డిఎక్స్ ఫిష్‌ఐ 10.5 ఎంఎం కూడా జి లెన్సే, దానిలోనూ మోటార్ లేదు. అటువైపు చూస్తే, ఏఎఫ్-ఎస్ 80-200 ఎంఎం ఎఫ్ 2.8 డి లెన్స్ చివర డి ఉన్నా దానిలో మోటార్ ఉంది. కాబట్టి చివరి అక్షరాన్ని వదిలేసి మొదటి అక్షరాలు చూడండి.

ఇంకో తికమక. కెమెరా మెనూలో కూడా "ఏఎఫ్-ఎస్" అని కనిపిస్తుంది. అది ఒక్కసారి ఫోకస్ చేసి ఆగిపోయే పద్ధతి పేరు. మెనూలో అది ఉన్నంత మాత్రాన తగిలించిన లెన్స్‌లో మోటార్ ఉన్నట్టు కాదు.

తరచుగా ఎదురయ్యే జతలు చెప్పుకుందాం. ఏఎఫ్ 50 ఎంఎం ఎఫ్ 1.8 డిలో మోటార్ లేదు, 2011లో వచ్చిన ఏఎఫ్-ఎస్ 50 ఎంఎం ఎఫ్ 1.8 జిలో ఉంది. ఏఎఫ్ 85 ఎంఎం ఎఫ్ 1.8 డిలో లేదు, ఏఎఫ్-ఎస్ 85 ఎంఎం ఎఫ్ 1.8 జిలో ఉంది. ఏఎఫ్ మైక్రో 60 ఎంఎం డిలో లేదు, ఏఎఫ్-ఎస్ మైక్రో 60 ఎంఎం జిలో ఉంది. ఇంట్లో పిల్లల ఫొటోలకూ, పెండ్లిలో దగ్గరి ఫొటోలకూ ఒక్క లెన్సే కొనాలనుకుంటే ఏఎఫ్-ఎస్ డిఎక్స్ 35 ఎంఎం ఎఫ్ 1.8 జి కొనమంటాం. చిన్న సెన్సార్ మీద 50 ఎంఎం లెన్స్ 75 ఎంఎం అంత దగ్గరగా చూపిస్తుంది. మామూలు గదిలో నలుగురిని పట్టాలంటే గోడకు ఆనుకోవాల్సి వస్తుంది.

3. లెన్స్ తిరగేసి గాడి ఉందేమో చూడండి

అక్షరాలు చెరిగిపోయినా, అమ్మేవాళ్లు పేరు సగమే చెప్పినా ఇది నమ్మదగిన పరీక్ష. వెనక మూత తీసి మౌంట్ రింగు చూడండి. స్క్రూ తల మీద ఉన్నట్టు అడ్డగీత గాడి ఒకటి కనిపిస్తే అది బాడీ మోటార్ మీద ఆధారపడే లెన్స్. గాడి లేకుండా బంగారు రంగు పిన్నులు మాత్రమే ఉంటే చాలావరకు మోటార్ లోపల ఉన్నట్టే. గాడీ, పిన్నులూ రెండూ లేకపోతే అది పూర్తి మాన్యువల్ లెన్స్. దాన్ని చిన్న బాడీకి పెడితే ఫోకస్‌తోపాటు వెలుతురు కొలత కూడా ఉండదు, ఎం మోడ్‌లో అంచనాతో తీయాలి.

ఆన్‌లైన్‌లో చూసి కొంటున్నప్పుడు వెనక వైపు ఫొటో పంపమని అడగండి. అడిగినా పంపకపోతే ఆ బేరం వదిలేయండి.

సిగ్మా, టామ్రాన్, టోకినా లెన్సులకు ఈ గాడి పరీక్ష మరీ అవసరం. ఒకే పేరుతో మోటార్ ఉన్నదీ లేనిదీ రెండూ వచ్చాయి. టామ్రాన్ 17-50 ఎంఎం ఎఫ్ 2.8 నికాన్ మౌంట్‌లో మొదట మోటార్ లేకుండా ఏ16 అని వచ్చింది, తర్వాత మోటార్‌తో ఏ16ఎన్ఐఐ అని వచ్చింది. టోకినా 11-16 ఎంఎం ఎఫ్ 2.8 మొదటి రకంలో నికాన్‌కు మోటార్ లేదు, డిఎక్స్-2 అని రాసి ఉన్న రెండో రకంలో ఉంది. సిగ్మాలో హెచ్ఎస్ఎం, టామ్రాన్‌లో యుఎస్‌డి లేదా పిజెడ్‌డి అని ఉంటే మోటార్ ఉన్నట్టు.

4. ఏఎఫ్-పి అయితే బాడీ వయసు కూడా చూడాలి

2016 నుంచి వచ్చిన ఏఎఫ్-పి లెన్సుల్లో స్టెప్పింగ్ మోటార్ ఉంటుంది. చప్పుడు చేయదు, చురుగ్గా ఉంటుంది. అయితే దాన్ని నడిపించే ప్రోగ్రాం కెమెరాలో ఉండాలి. డి3400, డి3500, డి5600, డి7500, డి500లకు ఇబ్బంది లేదు. డి3300, డి5300, డి5500లకు ముందు ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి ఆ ప్రోగ్రాం) కొత్తది వేయాలి. బ్యాటరీ నిండా ఎక్కించాక మాత్రమే ఆ పని మొదలుపెట్టండి. మధ్యలో పవర్ పోతే కెమెరా సర్వీస్ సెంటర్‌కే.

డి5200, డి7100, డి7200లలో ఫోకస్ అవుతుంది గానీ రెండు చిక్కులున్నాయి. కెమెరా కాసేపు నిద్రపోయి లేస్తే ఫోకస్ చెదిరిపోవచ్చు, మళ్లీ చేసుకోవాలి. లెన్స్ మీద విఆర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) స్విచ్ లేకపోతే విఆర్‌ను ఆపలేకపోవచ్చు.

డి3100, డి3200, డి5100, డి7000, డి90లలో ఏఎఫ్-పి అసలు పనిచేయదు. ఇక్కడ చేత్తో తిప్పుకుందామన్నా కుదరదు. ఆ లెన్స్ ఫోకస్ రింగు గాజులకు నేరుగా తగిలి ఉండదు, తిప్పిన సంగతిని కరెంటుతో మోటార్‌కు చెబుతుంది. మోటారే నడవనప్పుడు రింగు ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంది. డి3200 ఉన్నవాళ్లు 18-55 గానీ 70-300 గానీ కొనేటప్పుడు ఏఎఫ్-ఎస్ రకమే అని రెండుసార్లు చూసుకోండి.

5. పైసలు ఇచ్చే ముందు దుకాణంలోనే పరీక్షించండి

మీ బాడీ, నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ, ఖాళీ మెమరీ కార్డు, ఒక పాత దినపత్రిక వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్ల కెమెరా మీద పనిచేసింది కదా అని ఒప్పుకోవద్దు, మీ బాడీ మీద పనిచేయాలి.

కెమెరా ఆపి లెన్స్ బిగించండి. మోడ్ డయల్ ఏ మీద, ఫోకస్ పద్ధతి ఏఎఫ్-ఎస్ మీద, ఒకే పాయింట్, అదీ నడిమి పాయింట్ పెట్టండి. లెన్స్ మీద స్విచ్ ఉంటే ఏ లేదా ఎం/ఏ వైపు ఉండాలి. లెన్స్ కనీస ఫోకస్ దూరానికి కాస్త అవతల ఉన్న వస్తువు మీద బటన్ సగం నొక్కండి, తర్వాత రోడ్డుకు అవతల ఉన్న బోర్డు మీద. ఇలా దగ్గరికీ దూరానికీ ఓ పదిసార్లు మార్చండి. ప్రతిసారీ వ్యూఫైండర్‌లో పచ్చ చుక్క నిలకడగా వెలగాలి. ఒక్క వైపే ఆగిపోయినా, గరగరమన్నా, మధ్యలో ఇరుక్కున్నా మోటార్ అరిగినట్టు. దాన్ని బాగు చేయించే ఖర్చు లెన్స్ ధరకు దగ్గరగా పోవచ్చు.

తర్వాత దినపత్రికను బల్ల మీద పరిచి, ఏటవాలుగా ఒకటిన్నర మీటరు దూరం నుంచి, లెన్స్ అపెర్చర్ పూర్తిగా తెరిచి, ఒకే అక్షరాల వరుస మీద ఫోకస్ చేసి తీయండి. ప్రతిసారీ ఫోకస్ చెదరగొట్టి మళ్లీ చేస్తూ ఐదు ఫొటోలు తీయండి. తెర మీద పూర్తిగా పెద్దవి చేసి చూస్తే మీరు పెట్టిన వరుసే పదునుగా ఉండాలి. ఐదింటిలోనూ పదును ఆ వరుసకు ముందే పడుతుంటే, లేదా వెనకే పడుతుంటే, అది ఫ్రంట్ ఫోకస్ లేదా బ్యాక్ ఫోకస్. డి7000 వరుస బాడీల్లో దీన్ని సరిదిద్దుకునే ఫైన్ ట్యూన్ మెనూ ఉంటుంది. డి3000, డి5000 వరుసల్లో లేదు. చిన్న బాడీ ఉన్నవాళ్లు అలాంటి లెన్స్ ధర తగ్గించినా తీసుకోవద్దు.

6. మోటార్ లేని లెన్స్ ఇప్పటికే చేతిలో ఉంటే

పారేయనక్కర్లేదు. 50 ఎంఎం డి, 85 ఎంఎం డి రెండూ మంచి గాజులు, చిన్న బాడీ మీద వెలుతురు కొలత మామూలుగానే పనిచేస్తుంది. ముందు లెన్స్ అపెర్చర్ రింగును అన్నిటికన్నా పెద్ద అంకె దగ్గరికి తిప్పండి. 50 ఎంఎం డికి అది 22. అక్కడ చిన్న లాక్ ఉంటుంది, బిగించండి. బిగించకపోతే కెమెరా "ఎఫ్ఈఈ" అని చూపించి షటర్ వేయదు. ఈ ఒక్క సంగతి తెలియక మంచి లెన్సులను రిపేరుకు ఇచ్చేవాళ్లున్నారు.

తర్వాత వ్యూఫైండర్ పక్కనున్న డయాప్టర్‌ను (కంటి చూపుకు తగ్గట్టు మార్చే చక్రాన్ని), లోపలి అంకెలు మీ కంటికి స్పష్టంగా కనిపించేదాకా సరిచేసుకోండి. మెనూలో రేంజ్‌ఫైండర్ ఆన్ చేయండి. పి, ఎస్, ఏ మోడ్‌లలో ఎక్స్‌పోజర్ గీతలుండే చోట ఫోకస్ గీతలు వస్తాయి. గీతలు ఏ వైపు ఎన్ని ఉన్నాయో చూస్తే రింగు ఎటు, ఎంత తిప్పాలో తెలుస్తుంది. సున్నాకు రెండు పక్కలా చిన్న గీతలే మిగిలితే ఫోకస్ కుదిరినట్టు. ఎం మోడ్‌లో ఇది రాదు, అక్కడ పచ్చ చుక్కే దిక్కు. లెన్స్ గరిష్ఠ అపెర్చర్ ఎఫ్ 5.6 గానీ అంతకన్నా వెడల్పుగా గానీ ఉండాలి.

కదలని వస్తువులకు లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూసే పద్ధతిలో) పెద్దది చేసి తిప్పుకోవడం అన్నిటికన్నా కచ్చితం. ట్రైపాడ్ ఉంటే అదే చేయండి.

ఎఫ్ 1.8 వద్ద 50 ఎంఎంతో రెండు మీటర్ల దూరంలో పదునుగా ఉండే లోతు దాదాపు 11-12 సెంటీమీటర్లే. ఎఫ్ 2.8కు 18, ఎఫ్ 4కు సుమారు 25 సెంటీమీటర్లు అవుతుంది. చేత్తో ఫోకస్ చేసేటప్పుడు ఎఫ్ 2.8 కన్నా చిన్న అంకెకు పోకుండా ఉంటే ఎక్కువ ఫొటోలు దక్కుతాయి. బతుకమ్మ చుట్టూ ఆడేవాళ్లను తీయాలంటే కదిలే మనిషి వెంట రింగు తిప్పుతూ పోవద్దు. వలయంలో ఒక చోటు ఎంచుకుని, అక్కడికి వచ్చిన ఒకరి మీద ఫోకస్ పెట్టి, ఎఫ్ 4కు మార్చి, ఐఎస్ఓ 3200 దాకా పెంచి, తర్వాతి మనిషి అదే చోటుకు రాగానే నొక్కండి.

పాత లెన్సులు అర డజను పోగైనవాళ్లకు మాత్రం లెన్సులు మార్చడం కన్నా బాడీ మార్చడమే లాభం. సెకండ్ హ్యాండ్ డి7100 లేదా డి7200 తీసుకుంటే అవన్నీ ఒక్కసారిగా ఆటోఫోకస్ అవుతాయి. ఒక్క జాగ్రత్త: బాడీ మోటార్‌తో నడిచే లెన్స్ రింగును చేత్తో తిప్పాలంటే ముందు బాడీ మీది స్విచ్ ఎం వైపు మార్చండి. మార్చకుండా బలవంతంగా తిప్పితే గేర్లు దెబ్బతింటాయి. మిర్రర్‌లెస్‌కు (లోపల అద్దం లేని కెమెరాలకు) పోదామనుకునేవాళ్లకు ఇంకో మాట. జెడ్ 30, జెడ్ 50 వంటి బాడీలకు ఎఫ్ మౌంట్ లెన్సులు తగిలించడానికి వాడే ఎఫ్‌టిజెడ్ అడాప్టర్‌లో మోటార్ లేదు. ఏఎఫ్-ఎస్ లెన్సులు దాని మీద ఫోకస్ అవుతాయి, మోటార్ లేని ఉత్త ఏఎఫ్ లెన్సులు కావు.

కెనాన్, సోనీ వాళ్లకు

కెనాన్ 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పుడే మోటార్‌ను లెన్స్‌లో పెట్టింది. అందుకే 1500డి, 3000డి, 200డి-2 వంటి చిన్న బాడీలకు కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ ఆటోఫోకస్ లెన్స్ ఏది పెట్టినా పనిచేస్తుంది. చిక్కంతా ఫిల్మ్ కాలం నాటి సిగ్మా లెన్సులతో. డిజిటల్ బాడీ మీద అవి ఎర్రర్ చూపించి ఆగిపోతుంటాయి. సోనీ ఈ మౌంట్ బాడీలకు ఈ, ఎఫ్ఈ ఆటోఫోకస్ లెన్సులు రెండూ పనిచేస్తాయి. పాత ఏ మౌంట్ లెన్సులను ఎల్ఏ-ఈఏ3 అడాప్టర్‌తో పెడితే ఎస్ఏఎం, ఎస్ఎస్ఎం అని ఉన్నవే (లోపల మోటార్ ఉన్నవే) ఫోకస్ అవుతాయి. స్క్రూతో నడిచేవి కావు.

జత కుదిరినా ఫోకస్ కాకపోతే

ముందు లెన్స్ స్విచ్ ఎం మీద ఉందేమో చూడండి. తర్వాత దూరం: లెన్స్ కనీస దూరం కన్నా దగ్గరికి పోతే ఏ మోటారూ ఏమీ చేయలేదు.

తర్వాత, దేని మీద పాయింట్ పెట్టారో చూడండి. ఆటోఫోకస్‌కు గీత కావాలి, వెలుగు నీడల తేడా కావాలి. పాలంపేటలో రామప్ప గుడి మదనికలు నున్నగా చెక్కిన నల్లరాతి బొమ్మలు. ఆ నునుపు మీద పాయింట్ పెడితే లెన్స్ ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూనే ఉంటుంది. నగ చెక్కిన అంచు మీదో, రాయి ముగిసి ఆకాశం మొదలయ్యే చోటో పెట్టండి, వెంటనే పడుతుంది. నడిమి పాయింటే వాడండి. డి3500లో ఉన్న 11 పాయింట్లలో, కెనాన్ 1500డిలో ఉన్న 9 పాయింట్లలో నడిమిది ఒక్కటే అడ్డం నిలువు గీతలు రెండూ చూడగలదు. మిగతావి ఒక దిక్కు గీతలనే గుర్తిస్తాయి. డి5600లో 39 పాయింట్లుంటే అలా రెండూ చూసేవి 9. గర్భగుడి ముందు చీకట్లో కెమెరా మీది సహాయ దీపం వెలుగుతుంది గానీ అది మూడు మీటర్ల దాకే పనికొస్తుంది.

వ్యూఫైండర్‌లో "ఎఫ్" పక్కన రెండు చిన్న గీతలు కనిపిస్తే కెమెరాకు లెన్స్ ఉన్నట్టే తెలియడం లేదు. పూర్తిగా తిప్పి బిగించారా చూడండి. బిగించినా అలాగే ఉంటే పిన్నుల మీద మురికి చేరినట్టు. మేడారం జాతర దుమ్ములో లెన్సులు మార్చిన కెమెరాలకు ఇది మామూలే. కెమెరా ఆపి లెన్స్ తీసి, బాడీ నోరు కిందికి పెట్టి రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తేమ పడుతుంది. మైక్రోఫైబర్ గుడ్డ కొసకు రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది లెన్స్ పిన్నులు, బాడీ పిన్నులు మెల్లగా తుడవండి. ఉప్పుకాగితం, పెన్సిల్ రబ్బరు వాడొద్దు. ఒకటి పూత గీకేస్తుంది, ఇంకొకటి పొట్టు రాల్చి సెన్సార్ మీదికి పంపుతుంది. రెండు నిమిషాలు ఆరాక బిగించి, బ్యాటరీ ఒకసారి తీసి పెట్టి, నడిమి పాయింట్‌తో మళ్లీ చూడండి. అప్పటికీ "ఎఫ్" గీతలు పోకపోతే వేరే లెన్స్ పెట్టి చూడండి. దానికీ అవే వస్తే లోపం బాడీలో ఉంది, రాకపోతే లెన్స్‌లో ఉంది. సర్వీస్‌కు ఏది ఇవ్వాలో అప్పుడు తెలుస్తుంది.